ముహూర్తం తెలిసిన కెమెరా

పెళ్లి ఫొటోగ్రాఫర్‌ను కుదుర్చుకునేటప్పుడు కెమెరాలు లెక్కపెడతాం, ప్యాకేజీలు పోల్చుకుంటాం. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: వచ్చే మనిషికి మన పెళ్లి తంతు తెలుసా?

పెళ్లిలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం అన్నిటికన్నా తక్కువసేపట్లో అయిపోతుంది. గట్టిమేళం అందుకోగానే వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర, బెల్లం పెడతారు. సుముహూర్తం అంటే అదే. ఇద్దరి మధ్యా తెర ఉంటుంది కాబట్టి అబ్బాయి వైపు నిలబడిన కెమెరాకు అమ్మాయి కనిపించదు, అమ్మాయి వైపు నిలబడిన కెమెరాకు అబ్బాయి కనిపించడు. తెర దించగానే ఒకరినొకరు చూసుకుంటారు. అప్పటికే అక్షింతలు పడుతుంటాయి, చేతులు అడ్డొస్తుంటాయి, బంధువులు మంటపం దగ్గరికి తోసుకొస్తుంటారు. ఇదంతా కొద్ది సెకన్ల పని. తెరకు రెండు వైపులా ఒక్కో మనిషి ఉండాలని, తెర దిగేలోపు ఎదురుగా ఇంకొకరు చేరుకోవాలని తెలిసినవాళ్లకే ఆ చూపు దొరుకుతుంది. తెలియనివాళ్లు "పంతులుగారూ, ఒక్క నిమిషం ఆగండి" అంటారు.

ఆ మాట ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో వినిపిస్తోంది. తాళి కట్టే చేతులను మధ్యలో ఆపి "అన్నా, అలాగే పట్టుకుని ఇటు చూడు" అంటారు. తలంబ్రాలు పోసుకున్నాక, సరిగా పడలేదని మళ్లీ పోయిస్తారు. ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు కెమెరామెన్ వీపులే కనిపిస్తాయి. పంచాంగం చూసి, తెల్లవారుజామున మూడింటికైనా సరేనని పెట్టుకున్న ముహూర్తాన్ని ఒక ఫ్రేమ్ కోసం జరపడం తప్పు. అయితే ఆ తప్పు ఫొటోగ్రాఫర్ ఒక్కడిదే అనలేం. ఎవరిని పిలిచామో, వాళ్లకు ముందుగా ఏం చెప్పామో మనమూ చూసుకోవాలి. పెళ్లిని ఆపకుండా పెళ్లిని పట్టుకోగలిగినవాళ్లే మంచి ఫొటోగ్రాఫర్లు. పెద్ద నగరాల్లోనే కాదు, చిన్న ఊళ్ల స్టూడియోల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు.

రెండు నిమిషాల వీడియో చాలదు

ఏ స్టూడియోకు వెళ్లినా మొదట చూపించేది హైలైట్స్ వీడియో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ. ఎన్నో పెళ్లిళ్లలో బాగా కుదిరిన ఫొటోలను ఏరి అక్కడ పెడతారు. వాటిని చూస్తే వాళ్ల పనితనం ఎంత ఎత్తుకు వెళ్లగలదో తెలుస్తుంది. మామూలు రోజున ఎలా ఉంటుందో తెలియదు. అందుకే ఒకే పెళ్లికి సంబంధించి, ఆ కుటుంబానికి అప్పగించిన ఫొటోలన్నీ చూపించమని అడగండి. "వాళ్లను అడిగి చూపిస్తాం" అంటే సంతోషించండి. రేపు మీ ఫొటోల విషయంలోనూ అంతే మర్యాద పాటిస్తారు. మీది రాత్రి ముహూర్తమైతే రాత్రి పెళ్లే చూడాలి. గుడిలో పెళ్లి అనుకుంటే గుడి పెళ్లే చూడాలి. అన్నవరం, ద్వారకా తిరుమల లాంటి చోట్ల మంచి ముహూర్తం రోజున పక్కపక్కనే ఎన్నో పెళ్లిళ్లు జరుగుతుంటాయి. ఆ రద్దీలో, ఆ ఇరుకులో పనిచేసిన అనుభవం ఫంక్షన్ హాల్ అనుభవానికి పూర్తిగా వేరు.

చూసేటప్పుడు కొన్ని గుర్తులు పట్టుకోండి. మధుపర్కాల తెలుపులో నేత, అంచు కనిపిస్తున్నాయా, ఫ్లాష్ వెలుగులో అంతా తెల్లగా కలిసిపోయిందా? పసుపు రాసిన పాదాలు పసుపుగానే ఉన్నాయా? కన్యాదానంలో అమ్మ నీళ్లు పోస్తుంటే నాన్న అల్లుడి కాళ్లు కడుగుతాడు. ఆ ఫొటోలో అమ్మానాన్నల ముఖాలు ఉన్నాయా, చేతులు, పళ్లెం మాత్రమే ఉన్నాయా? అప్పగింతల్లో అమ్మాయి చేతిని అత్తమామల చేతుల్లో పెడుతున్నప్పుడు కెమెరా ముఖం మీదికి వెళ్లిందా, దూరం నుంచి పెద్ద లెన్స్‌తో ఆ కుటుంబాన్ని తనమానాన వదిలేసి తీసిందా? వరుసగా నాలుగైదు వందల ఫొటోలు చూస్తే ఇవన్నీ తేలిపోతాయి.

ఇంకొక గుర్తు రంగు. ఎడిటింగ్‌లో పెళ్లికూతురిని తెల్లగా మార్చేయడం చాలా స్టూడియోల్లో అడగకుండానే చేసే పని. చామనఛాయ అమ్మాయి తన పెళ్లి ఆల్బమ్‌లో తనలా కనిపించకపోవడం అవమానం. చర్మం రంగు మార్చకూడదని, ముఖం నున్నగా చేయకూడదని మొదటి రోజే చెప్పండి, కాగితం మీదా రాయించండి. మంచి ఫొటోగ్రాఫర్ ఆ మాటకు సంతోషిస్తాడు. పసుపు, కుంకుమ, బంగారం, ఎర్రంచు తెలుపు, వీటి పక్కన మన మేనిఛాయను ఉన్నదున్నట్టు చూపించడంలోనే అసలైన నేర్పు ఉంది.

తంతు అడిగి చూడండి

పనితనం నచ్చాక కూర్చుని మాట్లాడండి. ఏ కంపెనీ కెమెరా అని అడిగితే వచ్చే జవాబు వల్ల పెద్దగా ఉపయోగం లేదు. గంపలో పెళ్లికూతురిని మేనమామలు తెస్తున్నప్పుడు ఎక్కడ ఉంటారని అడగండి. మాంగల్యధారణ వేళ అందరూ లేచి అక్షింతలు వేస్తారు కదా, అప్పుడు ఎత్తు ఎలా చూసుకుంటారని అడగండి. స్నాతకం, కాశీయాత్ర మగపెళ్లివారి వైపు జరుగుతుంటే అటు గౌరీపూజ దగ్గర ఎవరుంటారని అడగండి. అనుభవం ఉన్నవాళ్లు వెంటనే చెబుతారు. చిన్న స్టూల్ తెచ్చుకుంటామని, ఒకరు మంటపం పక్క నుంచి, ఇంకొకరు వెనక నుంచి తీస్తారని వివరిస్తారు. కొందరు మిమ్మల్నే ఎదురు ప్రశ్నలు వేస్తారు: "మీ ఇంట్లో నాగవల్లి ఉంటుందా? ఎదురుకోలు ఎక్కడ? సదస్యం ఉందా?" అలా అడిగేవాళ్లను వదులుకోకండి.

ఎందుకంటే తంతు అన్ని ఇళ్లలోనూ ఒకేలా ఉండదు. తెలంగాణ ఇంట్లో మైలపోలు తీయడం, కోస్తా ఇంట్లో పెళ్లికూతురిని చేయడం, రాయలసీమలో పెళ్లి తర్వాతి మర్యాదలు, దేని వరుస దానిదే. నిఖాలో ఖాజీ సాక్షుల ముందు ఇద్దరి అంగీకారమూ అడిగే ఘట్టం ఆయువుపట్టు. ఆడవాళ్లు వేరే వైపు కూర్చునే పెళ్లయితే రెండు చోట్లా మనుషులు కావాలి. చర్చి పెళ్లిలో ప్రమాణాల వేళ బలిపీఠం దగ్గరికి కెమెరా ఎంతవరకు రావచ్చో పాస్టర్‌ను ముందే అడగాలి. గుడిలో గర్భాలయం వైపు కెమెరా తిప్పకూడదన్న నియమం దాదాపు అంతటా ఉంది.

మీరు చేయాల్సిన పని కూడా ఉంది. పురోహితుణ్ని అడిగి తంతు వరుస, సుమారు సమయాలు ఒక కాగితం మీద రాయించండి. ఆయన నంబరు ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చి పెళ్లికి ముందే ఒకసారి మాట్లాడించండి. ఆ కాగితం కింద మనుషుల పేర్లు రాయండి: పెళ్లికూతురిని పెంచిన అమ్మమ్మ, కాశీయాత్రలో అల్లుణ్ని వెనక్కి తెచ్చే బావమరిది, దూరం నుంచి వచ్చిన మేనత్త, చిన్నప్పుడు చదువు చెప్పిన మాస్టారు. స్టేజి ఎక్కి వరుసలో నిలబడలేని పెద్దవాళ్ల దగ్గరికి ఫొటోగ్రాఫరే వెళ్లాలి. ఎవరు ఎక్కడ ఉన్నారో చూపించడానికి ఇంట్లోవాళ్లలో ఒకరిని ఆ రోజంతా జట్టు వెంట ఉంచండి.

పేరు ఒకరిది, వచ్చేది ఒకరు

మన పెళ్లిళ్ల లెక్క మాసాల మీద నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పుష్యంలోనూ పెట్టుకోరు. గురు, శుక్ర మూఢాలు వస్తే వారాల తరబడి ముహూర్తాలే ఉండవు. దాంతో మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం లాంటి నెలల్లో కొన్ని తేదీల మీదే పెళ్లిళ్లన్నీ వచ్చి పడతాయి. పేరున్న స్టూడియోకు ఒకే ముహూర్తానికి రెండు మూడు బుకింగులు ఉండటం మామూలే. అలాంటి రోజుల్లో ఫ్రీలాన్సర్లను పెట్టి పంపుతారు. వాళ్లలో గొప్ప పనివాళ్లు ఉంటారు. కానీ మీరు ఎవరి ఫొటోలు చూసి నచ్చి అడ్వాన్స్ ఇచ్చారో ఆ మనిషే రాకపోతే ఎంపికకు అర్థం లేదు.

కాబట్టి "మా పెళ్లికి స్వయంగా ఎవరు వస్తారు?" అన్నది బుకింగ్ రోజున తప్పనిసరి ప్రశ్న. క్యాండిడ్ ఎవరు, ట్రెడిషనల్ ఫొటో ఎవరు, వీడియో ఎవరు, పేర్లు ఒప్పందంలో రాయించండి. అనారోగ్యమో, ప్రమాదమో వచ్చి రాలేకపోతే బదులు ఎవరు వస్తారో కూడా రాయించండి. ముహూర్తం ఖాయమైన వారంలోనే ఫొటోగ్రాఫర్‌ను కుదుర్చుకోవడం మేలు. ఒక ఫంక్షన్ హాల్ దొరక్కపోతే ఇంకొకటి చూసుకోవచ్చేమో గానీ, మంచి పనివాడు ఆ ముహూర్తానికి ఇంకొకరికి మాటిస్తే మళ్లీ దొరకడు.

జట్టు ఎంత పెద్దదైతే అంత మంచిదని అనుకోకండి. మంటపం చుట్టూ ఎనిమిది మంది తిరిగితే పెళ్లికి వచ్చినవాళ్లకు పెళ్లి కనిపించదు. స్థలం తెలిసిన నలుగురు నెమ్మదిగా చేసే పని, తెలియని పదిమంది హడావిడిగా చేసే పనికన్నా బాగుంటుంది.

వెలుతురు గురించి డెకరేటర్‌తోనూ మాట్లాడాలి

రాత్రి పెళ్లిలో ఫొటోను చెడగొట్టేది ఎక్కువగా లైట్లే. మంటపం మీద ఊదా, నీలం రంగు ఎల్‌ఈడీలు వేస్తే పసుపు ముఖాల మీద ఆ రంగు పడి ఎడిటింగ్‌లో కూడా పూర్తిగా పోదు. వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర పెడితే ఇంకో చిక్కు. ఆ వెలుగు కంటికి నిలకడగా కనిపించినా నిజానికి వేగంగా వెలిగి ఆరుతుంటుంది. షటర్ వేగం దానికి కుదరకపోతే ఫొటోల్లో అడ్డ చారలు వస్తాయి. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా మంటపం మీద ఒకే రకం వెచ్చని తెల్ల లైట్లు వేయాలని, రంగుల లైట్లు రిసెప్షన్‌కు ఉంచుకోవాలని డెకరేటర్‌కు చెప్పండి. వీలైతే ఫొటోగ్రాఫర్‌ను, డెకరేటర్‌ను ఒకసారి హాల్లోనే కలపండి. ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకునే లెన్సులు, అంటే ఎఫ్ 1.8, ఎఫ్ 2.8 లాంటివి ఉన్నవాళ్లు కళ్లలో ఫ్లాష్ కొట్టకుండానే చాలావరకు నెట్టుకొస్తారు. హోమగుండం పొగలో ఫ్లాష్ కొడితే పొగే తెల్లగా మెరుస్తుందని తెలిసినవాళ్లు పక్క వెలుగునే వాడతారు.

ఆడవాళ్ల గదిలోకి ఎవరు వెళ్తారు

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీలు నిశ్చింతగా ఫొటో తీయించుకోవడానికి ప్రత్యేకంగా పెట్టిన ఆ స్టూడియోను కెన్నీ లెవిక్ అనే బ్రిటిష్ మహిళ నడిపారు. కెమెరా ముందు స్త్రీకి ఇబ్బంది ఉండకూడదన్న ఆలోచన మన హైదరాబాద్‌లో అంత పాతది.

మంగళస్నానం, చీర కట్టడం, పూలజడ వేయడం, నలుగు వేళ పాటలు, ఇవన్నీ పెళ్లిలో అందమైన ఘట్టాలు. అక్కడికి పరాయి మగవాళ్లు వస్తే ఆడవాళ్లు బిగుసుకుపోతారు, చాలామంది పక్కకు తప్పుకుంటారు. జట్టులో ఒక మహిళా ఫొటోగ్రాఫర్ ఉంటే ఆ గదిలోని నవ్వులు, చిలిపి మాటలు సహజంగా ఫొటోల్లోకి వస్తాయి. ఈ రంగంలో ఇప్పుడు తెలుగు అమ్మాయిలు చాలామంది పనిచేస్తున్నారు. కావాలని అడిగే కుటుంబాలు పెరిగితే ఇంకా వస్తారు. ఆ గదిలో తీసినవి ఎవరూ తమ పేజీల్లో పెట్టకూడదన్న షరతు కూడా ముందే చెప్పాలి.

ఫొటోల మీద హక్కు ఎవరిది

చాలామందికి తెలియని సంగతి: డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద, వీడియో మీద కాపీరైట్ మొదట తీయించుకున్నవారిదే. 1957 నాటి కాపీరైట్ చట్టం 17(బి) సెక్షన్ ఆ మాట చెబుతోంది. అయితే అందులోనే ఒక మెలిక ఉంది: వేరే ఒప్పందం లేకపోతేనే ఆ హక్కు మనది. స్టూడియో ఇచ్చే ఒప్పందంలో "సర్వహక్కులూ స్టూడియోవే" అని ఉండి, మీరు సంతకం పెడితే ఆ హక్కు చేజారుతుంది. మీ అమ్మాయి ఫొటో హోర్డింగ్ మీద కనిపించినా అభ్యంతరం చెప్పడం కష్టమవుతుంది. కాబట్టి ఆ వాక్యం ఉందేమో చదవండి. ఉంటే కొట్టించండి, లేదా మీ రాతపూర్వక అనుమతితోనే ప్రచారానికి వాడుకోవాలని మార్పించండి. అమెరికాలో సంగతి వేరు. అక్కడ మామూలుగా కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెళ్లి చేసే తెలుగు కుటుంబాలు ఇంట్లో ముద్రించుకోవడానికి, పంచుకోవడానికి ఏ మేరకు అనుమతి ఉందో ఒప్పందంలో చూసుకోవాలి. అక్కడి ఫొటోగ్రాఫర్‌కు మన తంతు కొత్తయితే పైన చెప్పిన కాగితం ఇంగ్లిషులో రాసివ్వడం ఇంకా అవసరం.

ఒప్పందం నోటిమాట కాకూడదు. తేదీలు, వేళలు, ఎంతమంది, ఎన్ని ఫొటోలు ఎడిట్ చేసి ఇస్తారు, ఆల్బమ్ ఎన్ని షీట్లు, ఏ కాగితం, ఎప్పటికి ఇస్తారు, 18 శాతం జీఎస్టీ ధరలోనే ఉందా, పెళ్లి వాయిదా పడితే అడ్వాన్స్ సంగతేంటి, ఇవన్నీ రాతలో ఉండాలి. డబ్బు మొత్తం పెళ్లిరోజే ఇచ్చేయకుండా ఆల్బమ్, పూర్తి వీడియో చేతికొచ్చేవరకు కొంత భాగం ఉంచుకోవడం ఇద్దరికీ న్యాయమే. మాట తప్పితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. సేవాలోపం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ దారి చూపిస్తుంది. రసీదులు, వాట్సాప్ సంభాషణలు దాచుకోండి.

డ్రోన్ అడిగే ముందు

డ్రోన్ షాట్ కావాలనుకుంటే నిబంధనలు తెలుసుకోవాలి. డ్రోన్ నిబంధనలు 2021 ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకన్నా బరువైనదాన్ని వృత్తిగా ఎగరేసేవాళ్లకు సర్టిఫికెట్ కావాలి, ఆ డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరూ ఉండాలి. విమానాశ్రయ ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో, ఫామ్‌హౌస్‌లలో పెళ్లిళ్లు చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తిరుమల కొండపై డ్రోన్ నిషేధం. అన్ని అనుమతులూ ఉన్నా సరే, మంత్రాలు వినిపించే వేళ తలల మీద డ్రోన్ మోత వద్దని చెప్పండి. ఊరేగింపుకు, ఎదురుకోలుకు అది సరిపోతుంది.

లైవ్ పెట్టిస్తే హాల్లో ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం ముందురోజే పరీక్షించాలి. వీడియోకు సినిమా పాటలు పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి శబ్దం పోవచ్చు. పెళ్లి వీడియోకు సన్నాయి, మంత్రాలు, మన వాళ్ల మాటలు చాలు. వాటిని శుభ్రంగా రికార్డు చేయమని, పంతులుగారికి, నాన్నగారికి చిన్న మైకులు పెట్టమని అడగండి.

ఫైళ్లు, ఆల్బమ్

24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన రా ఫైలు ఒక్కొక్కటి సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. 5000 ఫొటోలు తీస్తే 125 నుంచి 150 జీబీ. 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన రికార్డు చేస్తే గంటకు 45 జీబీ. ఇంత సరుకు ఒకే మెమరీ కార్డులో, ఒకే కంప్యూటర్‌లో ఉంటే ప్రమాదం. రెండు కార్డుల్లో ఒకేసారి రాసే కెమెరాలు వాడతారా, అదే రాత్రి రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కిస్తారా, అప్పగించాక ఎన్ని నెలలు దాస్తారు, ఇవి అడగండి. మీ చేతికొచ్చాక మూడు ప్రతులు చేయండి. వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గిపోతుంది కాబట్టి దాన్ని అసలు ప్రతిగా లెక్కపెట్టకండి.

ఆల్బమ్ ఆలస్యమైతే నెపం స్టూడియో మీదికే పోతుంది. చాలా ఇళ్లలో అసలు ఆలస్యం ఎంపిక దగ్గరే జరుగుతుంది. వేల ఫొటోల నుంచి రెండు మూడు వందలు ఏరడానికి రెండు కుటుంబాలూ కూర్చోవాలి. పెళ్లయిన నెలలోపు ఎంపిక పూర్తి చేస్తామని మీరూ ఒప్పందంలో రాయండి. వరుస గ్రూప్ ఫొటోలతో ఆల్బమ్ నింపకుండా, తంతు క్రమం తప్పకుండా పేర్చమనండి. కాగితం నమూనా చేత్తో పట్టుకుని చూశాకే ముద్రణకు సరే అనండి.

సంతకానికి ముందు

• ఒక పెళ్లికి ఇచ్చిన ఫొటోలన్నీ చూశారా?
• మీ ఇంటి తంతు, పెద్దల పేర్లు కాగితం మీద ఇచ్చారా?
• స్వయంగా వచ్చేవాళ్ల పేర్లు రాశారా?
• చర్మం రంగు మార్చకూడదని రాశారా?
• హక్కులు ఎవరివో చదివారా?
• మిగిలిన డబ్బు ఎప్పుడివ్వాలో రాశారా?

మన వంతు

ధర బేరమాడేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. పెళ్లిరోజు పని అందులో ఒక భాగమే. ఆ తర్వాత వారాల తరబడి ఫొటోలు ఏరడం, రంగులు సరిచేయడం, వీడియో కూర్చడం ఉంటుంది. అందరికన్నా తక్కువ చెప్పినవాళ్లు ఆ వారాలను కుదించే అవకాశమే ఎక్కువ. ఖర్చు తగ్గించుకోవాలంటే క్రేన్ తగ్గించండి, ప్రీ వెడ్డింగ్ షూట్ మానేయండి, ఆల్బమ్ ఒకటి చాలనండి. ముహూర్తం వేళ నిలబడే మనిషి దగ్గర మాత్రం తగ్గించకండి.

వచ్చిన జట్టును మనుషుల్లా చూడండి. పొద్దున నలుగు నుంచి అర్ధరాత్రి తలంబ్రాల దాకా నిలబడేవాళ్లను చివరి పంక్తి దాకా ఆగమనడం మర్యాద కాదు. భోజనానికి వేళ చూసి పిలవండి. రాత్రి ముహూర్తమైతే కాసేపు నడుము వాల్చడానికి గది ఇవ్వండి.

బంధువులకు కూడా ఒక మాట ముందే చెప్పండి. జీలకర్ర బెల్లం నుంచి మాంగల్యధారణ అయ్యేదాకా సెల్‌ఫోన్లు కిందికి దించి, మంటపం ముందు ఖాళీ వదలమనండి. ఇంటి పెద్ద మైకులో ఒక్కసారి చెబితే అందరూ వింటారు. తంతును ఆపవద్దని ఫొటోగ్రాఫర్‌ను కోరే హక్కు మనకుంది. ఆ తంతుకు, ఆ కెమెరాకు మధ్య మనం నిలబడకుండా చూసుకునే బాధ్యత కూడా మనదే. ఈ రెండూ కుదిరిన పెళ్లిలో ఎవరూ ఎవరినీ ఆగమనాల్సిన పని ఉండదు.